మాస్టారు తారు పూసిన పడవ

కొవ్వూరు సత్తియ్య మునిగిపోయిన పడవలో గోదావరి దాటాడు. సరే, పూర్తిగా మునగలేదు. అంచులు జానెడు పైకి కనబడుతూనే ఉన్నాయి.

ఆ రేవులో చిన్న పడవల వాళ్ళు ఎవరి పడవకు వారు తారు పూసుకోరు. సొంత పడవ లోపం సొంత కంటికి ఆనదని ఒకరిది ఒకరు చూస్తారు. ఈసారి సత్తియ్య పడవ యెహెజ్కేలు మాస్టారి వంతుకు వచ్చింది. బడి నుంచి రిటైరయ్యాక ఆయనకు చూపు మందగించింది. తారు పడకుండా ఒక పగులు మిగిలిపోయింది.

ఆదివారం చర్చి అయ్యాక అందరూ కుటుంబాలతో లంకకు షికారు బయలుదేరారు. నడి గోదావరిలో సత్తియ్య కాళ్ళ కింద నీళ్ళు ఊరాయి. అరిస్తే పక్క పడవలోని మాస్టారికి తెలిసిపోతుంది; ఇక ఆయన చేతికి ఎవరూ తారు కుంచె ఇవ్వరు. ఆ కుంచె కోసమే ఆయన రోజూ రేవుకు వస్తారు. సత్తియ్య తువ్వాలు పగులులో కుక్కి, మడమతో తొక్కిపట్టి తెడ్డు వేశాడు.

"ఏంటయ్యా, గోదారిని లంకకి మోసుకెళ్తున్నావా?" అంది భార్య అప్పాయమ్మ, మోకాళ్ళ దాకా తడిసి.

"మెల్లగా అనవే, మాస్టారు వింటారు."

ఒడ్డున మాస్టారు అడగనే అడిగారు. "పడవ కారిందా సత్తియ్యా?"

"చుక్క కూడా రాలేదండి. దిగేటప్పుడు జారిపడ్డాం."

ఈ ముచ్చట ఇప్పుడు ఎవరు కదిపినా సత్తియ్యది ఒకటే మాట.

"అంతా అబద్ధమండి. ఆ ఆదివారం నేనసలు లంకకే వెళ్ళలేదు."