యేసురత్నం జీపుకు మెట్టు

ఆళ్లగడ్డ నుంచి నల్లమల లోపలి చెంచుగూడేలకు పోయే దారిని దారి అనడానికి నోరు రాదు. ఎన్నికలొచ్చినప్పుడల్లా టేపు పట్టి కొలుచుకుపోవడం తప్ప దానికి జరిగిందేమీ లేదు. ఆ రాళ్ల మీద పద్నాలుగేళ్లుగా పాత జీపు తోలుతున్నవాడు యేసురత్నం. పైకి బియ్యం, ఉప్పు, మందులు తీసుకుపోతాడు. కిందికి తేనె, చింతపండు, జ్వరపడ్డ మనుషులను తెస్తాడు. అతని నాయన సైకిలు మీద సువార్త చెప్పుకుంటూ ఆ గూడేలు తిరిగాడు. కొడుక్కి ప్రసంగం చేతకాలేదు, స్టీరింగు చేతనైంది.

కిందటి వానాకాలం వాగులో జీపు కడుపు బండరాయి మీద కూర్చుండిపోయింది. చక్రాలు తిరుగుతున్నాయి, బండి కదలదు. లోపలున్న ఒక తల్లి జ్వరంతో కాలిపోతున్న పిల్లను భుజాన వేసుకుని వానలో మిగతా దూరం నడిచింది. ఆ నడక యేసురత్నం కళ్లముందు నుంచి పోలేదు.

వానలు తగ్గాక బండిని మార్చుకోవాలని ఫోనులో వీడియోలు చూశాడు. అన్నింట్లోనూ జీపుల నెత్తిన లైట్ల వరుసలే. ఆదివారం సరదాగా బురదలో దిగి, సోమవారం కడిగించుకునే కుర్రాళ్ల బండ్లవి. ఆళ్లగడ్డలో వెల్డింగు షాపు నడిపే కృపావరం ఆ ఫోను పక్కకు నెట్టేశాడు.

"లైట్లు నీ పెండ్లికి ఏసుకుందువులేప్పా."

"నాకు పెండ్లయి ఇరవై ఏండ్లాయె."

"అయితే అసలు వద్దు. ముందు టైర్లు. తర్వాత ఎత్తు. ఇరుక్కుంటే లాగనీకి ముందూ ఎనకా కొక్కేలు. అంతే."

నంద్యాలలో పాత టైర్ల అంగట్లో లోతైన గాడులున్నవి నాలుగు దొరికాయి. బండి బరువు మోసే కమాన్ కట్టల్లో ఒక్కో స్ప్రింగు పట్టీ ఎక్కువ వేశారు. ఇంజను కింద మందపు రేకు బిగించారు. జీపు బెత్తెడు పైకి లేచింది. మొదటి రోజే వాగులోని ఆ బండరాయిని అవలీలగా దాటింది. యేసురత్నం ఒక్కడే ఉన్నాడు కాబట్టి, తనకు తానే భేష్ అనుకున్నాడు.

ఆ వారమే గూడెంలోని బయ్యమ్మను కంటి పరీక్షకు నంద్యాల తీసుకుపోయాడు. డెబ్బై దాటిన మనిషి, రెండు కళ్లకూ పొర కమ్మింది. ఇన్నేళ్లూ కమ్మీ పట్టుకుని తానే ఎక్కేది. ఇప్పుడు కాలు అందలేదు. మనవడు మహేంద్ర ఎత్తి కూర్చోబెట్టాడు. నంద్యాలలో ఆసుపత్రి గేటు దగ్గర వాచ్‌మన్ చంకల కింద చేతులు వేసి దించాడు. క్యూలో ఎవరో నవ్వారు. వచ్చే బేస్తవారం కుడికంటికి ఆపరేషన్ అన్నాడు డాక్టరు. గూడెంలో దిగాక బయ్యమ్మ అంది:

"బేస్తవారం రావద్దబ్బీ. నేను రాను."

"ఏందవ్వా? కండ్లు వద్దా?"

"నీ బండి ఎత్తయిపాయె. నేను ఎక్కలేను, ఎత్తించుకోను. కొండెక్కి గడ్డలు తవ్వినదాన్ని, ఆడ మూట దించినట్టు దించినారు."

"స్టూలు తెస్తాలే."

"ఊగుతాది. అది యాడుందో నాకు కనపడద్దా?"

"నేను ఎత్తుకొస్తాలే, అన్నా" అన్నాడు మహేంద్ర.

"ఎత్తి చూడు, నీకు ఆ చెయ్యి వద్దేమో" అంది బయ్యమ్మ.

బండి కిందికి తోలుకుని వస్తుంటే యేసురత్నానికి సిగ్గేసింది. రాయిని కొలిచాడు, వాగును కొలిచాడు. ఎక్కే మనిషి మోకాలిని కొలవలేదు.

"ఇనుప మెట్టు అతికిస్తా, అర్ధగంట పని" అన్నాడు కృపావరం.

"మొదటి రాయికే ఊడొస్తాది."

"గొలుసుకు యాలాడదీస్తే?"

"ఊగుతాది. ఆయమ్మ ఒప్పుకోదు."

కృపావరం షాపంతా కలియజూశాడు. షాపు మూలన, జీపు నుంచి తీసేసిన అరిగిన టైరు ఉంది. దాన్ని రెండు వెడల్పాటి పట్టీలుగా కోసి, బండి చట్రానికి బోల్టులు వేసి కిందికి దించి, వాటి కొసన కాలు పెట్టే ఇనుప పలక బిగించారు. కాలికి గట్టిగా నిలుస్తుంది, రాయి కొడితే వెనక్కి మడుచుకుంటుంది. యేసురత్నం చెప్పులు విడిచి, కళ్లు మూసుకుని ఎక్కాడు, దిగాడు. మళ్లీ ఎక్కాడు.

"జనం చూస్తాండారప్పా, తాగినావనుకుంటారు" అన్నాడు కృపావరం.

మూడోసారి కాలు జారింది. పలకకు కొబ్బరితాడు గట్టిగా చుట్టారు.

బేస్తవారం పొద్దున్నే పిలవకపోయినా పోయాడు. వాగులో మెట్టు రాయికి కొట్టుకుని, మడుచుకుని, తిరిగి నిలబడింది. బయ్యమ్మ ఇంటి ముందు కూర్చుని ఉంది.

"రావద్దంటి గదా."

"నిన్ను ముట్టుకోనవ్వా. కాలు పెట్టి చూడు. నచ్చకుంటే పోతా."

అతను నాలుగడుగుల దూరం పోయి నిలబడ్డాడు. ముందుకు రాబోయిన మహేంద్రను చేత్తో ఆపాడు. బయ్యమ్మ కమ్మీ పట్టుకుని, కాలి బొటనవేలితో మెట్టును తడిమింది. వాగులో రాయిని చూసినట్టు ఒకసారి నొక్కింది, ఇంకోసారి నొక్కింది. తర్వాత బరువంతా వేసి పైకి లేచింది. లోపల కూర్చుని, "ఇంగ పోనీ. టైమవుతాండ్లేదా?" అంది.

ఆసుపత్రి గేటు దగ్గర అదే వాచ్‌మన్ చేతులు చాపుకుంటూ వచ్చాడు.

"దూరం జరుగు నాయనా, కాలు తొక్కుతా" అంటూ ఆమె తానే దిగింది.

మరునాడు కుడికంటి కట్టు విప్పారు. బయటికొచ్చిన బయ్యమ్మ జీపు ముందు నిలబడి, మెట్టు వైపు చాలాసేపు చూసింది.

"ఇది పాత టైరు గదరా."

"అవునవ్వా."

"ఆ చక్రాలకుండేది బాగుండాదే. దాంతో చేసింటే ఏం పాయె?"

"దాంతో చేస్తే బండి యాడ పోతాదవ్వా?"

ఆమె సరేలెమ్మని కమ్మీ పట్టుకుంది. ఇప్పుడు కన్ను కనిపిస్తోంది. అయినా కాలు పెట్టే ముందు మెట్టును బొటనవేలితో ఒకసారి తడిమి చూసుకుంది.