ఊచలకు ఇవతల మా మేనత్త

మా మేనత్త ఆడవాళ్ళ జైల్లో వార్డరు. చిన్నప్పుడు ఎవరైనా ఫోన్ చేసి ఆమె కోసం అడిగితే "అత్త జైలుకెళ్ళింది" అని చెప్పి పెట్టేసేవాళ్ళం. కొత్తవాళ్ళు హడలిపోయేవారు. అత్త మాత్రం విరగబడి నవ్వేది. ఆమెకి గొంతు పెద్దది, కోపం ముక్కు మీదే ఉండేది. "ఈ నోటితో ఉద్యోగం ఎలా నిలబెట్టుకున్నావే?" అని మా నాన్న, అంటే ఆమె అన్నయ్య, ఆశ్చర్యపోయేవాడు.

ఆ నోరే ఒకసారి ఒక పిల్లని గట్టెక్కించింది.

పదహారేళ్ళ పిల్ల. అక్క మొగుడు బట్టల దుకాణంలో దొంగతనానికి వెళ్తూ దాన్ని బయట కాపలా నిలబెట్టాడు. దుకాణదారు అడ్డొస్తే ఇనపరాడ్డుతో తల పగలగొట్టాడు. ఆయన బతికాడు గానీ కుడిచెయ్యి పడిపోయింది. నేరం పెద్దది కాబట్టి పిల్లనైనా సరే, పెద్దవాళ్ళతో సమానంగా విచారించాలని నిర్ణయమైంది. దాంతో పిల్లల హోముకి పంపకుండా మా అత్త పనిచేసే జైలుకే తెచ్చారు.

తెచ్చాక ఇంకో చిక్కు. మైనరుని పెద్ద ఖైదీలతో కలిపి ఉంచకూడదు. విడిగా ఉంచడానికి వేరే చోటు లేదు. చివరికి వరండా కొసనున్న గదిలో ఒక్కదాన్నే పెట్టి తాళం వేశారు. శిక్ష పడ్డవాళ్ళు ఆవరణలో తిరిగేవారు, కలిసి తినేవారు, పోట్లాడుకునేవారు. ఇంకా ఏ నేరమూ రుజువుకాని ఈ పిల్లకి మాత్రం రోజంతా నాలుగు గోడలే.

మొదట్లో తాళం చప్పుడైతే చాలు, లేచొచ్చేది. "మేడం, మా అమ్మ ఎప్పుడొస్తుంది?" అని అడిగేది. కేసు వాయిదా మీద వాయిదా పడుతూనే ఉంది. పిల్ల అడగడం మానేసింది. కంచం ముట్టకుండా వెనక్కి తోసేది. గోడకి చెవి ఆనించి, అవతల ఆడవాళ్ళ మాటలు వింటూ కూర్చునేది.

అత్త ఉండబట్టలేకపోయింది. ఒక మధ్యాహ్నం ముక్కాలిపీట తెచ్చుకుని గది ముందు చతికిలబడింది. చేతిలో ఊలు చుట్ట.

"చేతులు చాపు."

"ఎందుకు మేడం?"

"మేడం గీడం ఏంటి, పిన్నీ అను. చిక్కుపడింది, నా ఒక్కదానివల్ల కావట్లేదు."

పిల్ల ఊచల మధ్య నుంచి చేతులు చాపింది. ఊలు ఆ చేతులకి తొడిగి, అత్త ఉండగా చుట్టడం మొదలుపెట్టింది. నోరు ఊరుకుంటుందా? మా మామయ్య నీళ్ళు పోసి వండిన కూర మాడబెట్టి, కావాలనే వేపుడు చేశానని బుకాయించిన కథ ఎత్తుకుంది.

"వేపుడైతే నీళ్ళెందుకు పోశారు పిన్నీ?" అంది పిల్ల మెల్లగా.

అప్పటినుంచి రోజూ ఖాళీ దొరికితే అత్త పీట అక్కడే. సూపరింటెండెంటుకి నచ్చలేదు.

"ఖైదీతో కబుర్లేంటమ్మా? నీ పని తాళం చూసుకోవడం."

"తాళం బాగానే ఉంది సార్. లోపలున్న పిల్లే బాగాలేదు."

"విడిగా ఉంచాలన్న నిబంధన నేను పెట్టలేదు" అని ఆయన వెళ్ళిపోయాడు.

ఇంట్లో నాన్న కూడా, "దొంగతనానికి కాపలా కాసిన పిల్ల మీద అంత జాలేంటే?" అన్నాడు.

"జాలి కాదన్నయ్యా. ఆ దుకాణదారు చెయ్యి తలుచుకుంటే నాకూ కడుపు మండుతుంది. ఇందులో దీని పాలెంతో కోర్టు తేలుస్తుంది. అప్పటిదాకా పిల్ల మనిషిగా మిగలాలిగా!"

తర్వాతి వాయిదాకి పిల్లని తీసుకెళ్ళే డ్యూటీ అత్తకే పడింది. "జైల్లో ఇబ్బందేమైనా ఉందా?" అని జడ్జిగారు అడిగారు. పిల్ల తల వంచుకుని నిలబడింది.

"అయ్యా, నేను చెప్పొచ్చా?" అంది అత్త వెనకనుంచి.

ప్రభుత్వ వకీలు అభ్యంతరం చెప్పబోయాడు. జడ్జిగారు చేత్తో వారించి, "చెప్పమ్మా" అన్నారు. అత్త ముందుకొచ్చింది.

"ఈ పిల్లకి రోజూ తాళం వేసేది నేనే అయ్యా. వచ్చినప్పుడు అమ్మ కోసం ఏడ్చేది. మొన్న అమ్మొచ్చి ఎదురుగా కూర్చుంటే గోడకేసి చూస్తూ ఉండిపోయింది. పెద్దవాళ్ళ నుంచి కాపాడాలనే విడిగా పెట్టాం. కానీ అలా పెట్టడమే దాన్ని తినేస్తోంది."

జడ్జిగారు డాక్టరుని పంపారు. డాక్టరు చూసి చెప్పాక, తీర్పు వచ్చేదాకా పిల్లని పిల్లల హోములో ఉంచమని ఉత్తర్వు ఇచ్చారు. కొన్నాళ్ళకి కేసు తేలింది. కొట్టడంలో దాని చెయ్యి లేదని, కాపలా కాసినందుకు మాత్రం తప్పు దానిదేనని తీర్పు. ఆ శిక్ష హోములోనే పూర్తయింది. ఇప్పుడు ఒక అచ్చాఫీసులో పుస్తకాలు కుట్టే పనిలో ఉంది. బయటికొచ్చాక క్షమాపణ అడగడానికి దుకాణదారు ఇంటికి వెళ్ళింది, తోడుగా అత్త. ఆయన తలుపు తీయలేదు. "ఆయన్నెలా తప్పుపడతాం?" అంది అత్త దారిలో.

పైఅధికారుల్ని అడక్కుండా కోర్టులో నోరు విప్పినందుకు అత్తకి మెమో వచ్చింది. రావలసిన ప్రమోషను వెనక వచ్చినామెకి పోయింది. అత్తని గేటు దగ్గరికి మార్చారు. "అక్కడ గాలి బాగా ఆడుతుంది" అంది తేలిగ్గా.

మరుసటి ఏడాది ఆ జైలుకే ఇంకో మైనరు పిల్ల వచ్చింది. సూపరింటెండెంటు స్వయంగా గేటు దగ్గరికి నడిచొచ్చాడు.

"దీన్నెక్కడ పెట్టమంటావమ్మా?"

"హోముకి మార్చమని ఈరోజే జడ్జిగారిని అడగండి సార్. ఈలోగా గదికి తాళం వేయకండి, నేను కూర్చుంటాను" అంది అత్త. గేటు ఇంకొకరికి అప్పగించి, ఆయన వెంట వరండాలోకి నడిచింది.