ధోలావీరా చెరువులో షాట్‌ఫైరర్ పాఠం

ఆ టూరులో ధోలావీరాను చేర్పించింది నేనే. ద్వారక, సోమనాథ్ చూసి వెనక్కి తిరిగే ప్యాకేజీ అది. తల్లాడలో హైస్కూలు పిల్లలకు పదిహేనేళ్లుగా సింధు నాగరికత పాఠం చెబుతున్నాను, అందులోని ఒక్క గోడనైనా కళ్లారా చూసింది లేదు. గుజరాత్ దాకా వెళ్లి ఆ ఊరు చూడకుండా ఎలా వస్తామని గైడు వెంటపడ్డాను. రైల్లో ఒక్కొక్కరి దగ్గరా కూర్చుని ఒక రోజు అదనంగా ఉండేందుకు ఒప్పించాను. 2008 డిసెంబరు. ముప్పై ఎనిమిది మందిమి. సగం మంది టీచర్లం, తక్కినవాళ్లు సత్తుపల్లి ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో పనిచేసేవాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు.

ఒప్పుకోని మనిషి ఒక్కడే. బస్సులో నా ముందు సీటాయన. గనిలో షాట్‌ఫైరర్, అంటే బండకు రంధ్రాలు వేసినచోట మందు కూరి పేల్చే మనిషి. యాభై దాటి ఉంటాయి.

"టీచరమ్మా, గుంతలు చూసేటందుకు గింత దూరమా? సత్తుపల్లికి రా, నేను దినాం చూపిస్త" అన్నాడు.

"ఆయన మాటలు పట్టించుకోకు చెల్లే" అంది ఆయన భార్య. "ద్వారకల గూడ బస్సు దిగనన్నడు."

నవ్వాను గానీ లోపల గుబులుగానే ఉంది. తీరా వెళ్లాక అక్కడేమీ లేకపోతే ఊరికి వెళ్లేదాకా అందరూ నన్నే అంటారు.

రాపర్ ఊరు దాటి చాలాసేపు పోయాక బస్సులో అందరూ కిటికీల వైపు వంగారు. రోడ్డుకు రెండు పక్కలా నేల తెల్లబడింది. మొదట నీళ్లనుకున్నాం. నీళ్లు కావు, ఉప్పు. ఆకాశం అంచు దాకా ఉప్పు ఎడారే. ఎడారి అంటే ఇసుక దిబ్బలని నేను ఎన్ని వందల మంది పిల్లలకు చెప్పి ఉంటానో. కిటికీలోంచి తల బయటపెట్టి చిన్నపిల్లలా అరిచాను. గైడు నవ్వి, "తిరిగొచ్చేటప్పుడు ఆపుతానండీ, ముందు మీ ఊరు చూసేద్దాం" అన్నాడు.

ధోలావీరాలో దిగగానే నేనే ముందు నడిచాను. కోట గోడ, ఉత్తరపు వాకిలి, వీధి. పుస్తకంలో గీతలుగా చూసినవన్నీ నా ఎత్తున నిలబడి ఉన్నాయి. గైడు చెప్పేది సగంలో అందుకుని నేనే చెప్పేస్తున్నాను. కాళ్లు నేలమీద నిలవడం లేదు. వెనక్కి తిరిగి చూస్తే నా వెంట పదిమంది కూడా లేరు. మిగతావాళ్లు ఎండకు కొంగులు కప్పుకుని ఓ గోడ నీడన కూర్చున్నారు. నా ఉత్సాహం కొంచెం చల్లారింది.

అప్పుడు దక్షిణం వైపు నుంచి కేక వినిపించింది. "టీచరమ్మా, జల్దీ రా."

పరుగెత్తాను. రాతిని నిలువునా తొలిచిన పెద్ద చెరువు. అడుగున నిలబడి గోడను అరచేత్తో నిమురుతున్నాడు షాట్‌ఫైరర్.

"ఇది కట్టింది కాదు, కోసింది. దేనితోని కోసిండ్రు?"

"అప్పటికి ఇనుము లేదన్నా. రాగి ఉలులు, రాతి పనిముట్లు" అన్నాను మెట్లు దిగుతూ.

"మందు లేకుండనా?" అంటూ రాతి పొరల వెంట వేలు నడిపించాడు. "ఇగో, ఈ పొర మెత్తది, పక్కది గట్టిది. గట్టిదాన్ని ముట్టలే. మెత్తదాని ఎంబడే పోయిండ్రు. బండ ఎటు వాలిందో చూసుకొని దిగిండ్రు. మా కొత్త పిలగాండ్లకు నేను గిదే చెప్తె ఇనరు."

చెరువు అడుగున ఒక మూల ఇంకా లోతుగా తొలిచిన తొట్టి ఉంది. అది ఎందుకో నాకు తెలియదు. అదే చెప్పాను.

"తెల్వదా? సంపు గదమ్మా ఇది. నీళ్లు తగ్గినంక ఆఖరి నీళ్లు దీంట్ల నిలుస్తయి. మా క్వారీ అడుగున గూడ గిట్లనే తవ్వి మోటరు పెడ్తం."

ఆయన గొంతు పెద్దది. పేలుడుకు ముందు అందరినీ దూరం జరగమని కేకలు వేసి అలవాటైన గొంతు. ఒక్కొక్కరే నీడలోంచి లేచి చెరువు గట్టు మీదికి వచ్చారు. ఆయన పైకి చూస్తూ చెబుతున్నాడు. వాన నీళ్లు ఎటునుంచి వచ్చి ఉంటాయో, ఒక చెరువు నిండాక ఇంకోదాంట్లోకి ఎలా పోతాయో చేతులతో గాలిలో గీసి చూపించాడు. నేను పక్కన నిలబడి కాలువల సంగతి, కరువుల సంగతి అందించాను. పైనుంచి ప్రశ్నలు వస్తూనే ఉన్నాయి.

"ఇంట్ల ఉప్పు అడగనీకి గూడ నోరు తెరవడు" అంది ఆయన భార్య నా చెవిలో. కళ్లు మాత్రం ఆయన మీదే ఉన్నాయి.

గైడు గడియారం చూసుకున్నాడు. "ఇంకా ఇక్కడే ఉంటే తెల్ల ఎడారి దగ్గర ఆపడానికి పొద్దుండదండీ."

"ఒక్క అరగంట" అన్నాడు షాట్‌ఫైరర్. "ఇంకో చెరువున్నదంట, అది గూడ చూడాలె." అప్పటిదాకా గోడ నీడన కూర్చున్నవాళ్లే ఆయనకు వంతపాడారు.

అరగంట గంటన్నర అయింది. బస్సు ఉప్పు నేల దగ్గర ఆగేసరికి సూర్యుడు దిగిపోతున్నాడు, తెలుపంతా గులాబీ రంగుకు తిరుగుతోంది. గైడు పదిహేను నిమిషాలే అన్నాడు. ఎవరు మొదట పరుగెత్తారో తెలియదు, ముప్పై ఎనిమిది మందిమీ పరుగెత్తాం. కాళ్ల కింద ఉప్పు పెళపెళమంటోంది. ఆయన భార్య చెప్పులు చేత్తో పట్టుకుని, చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని నన్ను దాటిపోయింది. నేను ఒక పెంకు విరిచి నాలుక మీద పెట్టుకున్నాను. కళ్లలో నీళ్లు తిరిగేంత ఉప్పన.

షాట్‌ఫైరర్ మాత్రం గొంతుక్కూచుని, తాళంచెవితో ఉప్పు పొరను పెకిలించి కింద ఉన్న నల్లటి బురదను నాకు చూపించాడు. "గుంతలన్న గదా టీచరమ్మా. ఏమనుకోకు."

జూన్‌లో బడి తెరిచాక ఆ పాఠం వచ్చింది. షాట్‌ఫైరర్‌కు కబురు పెడితే తన సెలవు రోజున బస్సెక్కి తల్లాడ వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకున్నాడు. బోర్డు మీద చెరువు గీసి, సంపు గీసి, రెండు పీరియడ్లు మాట్లాడాడు. నేను వెనక బెంచీలో పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చుని నోట్సు రాసుకున్నాను.