ముహూర్తం దాటాక చెప్పిన నిజం

అర్చకత్వం నేర్చుకునే పిల్లలు ఇంటివాళ్లతో ఎంత తక్కువ మాట్లాడితే అంత త్వరగా భక్తి కుదురుతుందని మొన్న ఒక సభలో ఒకాయన సెలవిచ్చాడు. నాకు ఒళ్లు మండింది. నేను బడి మొహం చూసినవాణ్ని కాదు. పూలు పొట్లం కట్టే పాత పేపర్లు చదివి అక్షరాలు నేర్చాను. కానీ ఫిల్మ్‌నగర్‌లో గుడి ముందు ఏళ్ల తరబడి పూలమ్మాను. చూసింది చెబుతాను.

తొంభైల మొదట్లో ఆ గుడి అయ్యగారు కోస్తా నుంచి వచ్చిన పెద్దాయన. ఆయన దగ్గర కొందరు కుర్రాళ్లు అర్చకత్వం నేర్చుకునేవారు. ఇంటి కబుర్లు చెవిన పడితే మనసు చెదురుతుందని ఆయనకూ పట్టింపే. వాళ్లలో మోతీనగర్ నుంచి వచ్చిన ఒక కుర్రాడుండేవాడు. అతని తండ్రి ఒక్కడే దాన్ని లెక్కచేయలేదు. సిటీ బస్సు కండక్టర్. ప్రతి ఆదివారం వచ్చి నా కొట్టు పక్క అరుగు మీద కొడుకుతో కూర్చునేవాడు.

మంత్రాలెన్ని వచ్చాయని అడిగేవాడు కాదు. ముందు తన సంగతే చెప్పుకునేవాడు.

"మొన్న బస్సుల ఒక ముసలామెను కసురుకున్న రా. ఇంటికొచ్చినా అన్నం సయించలే. ఇగ నువ్వు చెప్పు."

కొడుకు తోటివాళ్లతో పడ్డ గొడవలు చెప్పేవాడు. తండ్రి తిట్టేవాడు కాదు. "మరి వానితోని మళ్ల మాట్లాడినవా?" అంతే. ఆ ఒక్క మాటతో పిల్లవాడు సాయంత్రానికి రాజీ పడి వచ్చేవాడు. అంత నేర్పున్న తండ్రిని నేను మళ్లీ చూడలేదు.

ఒకసారి అయ్యగారికి జ్వరం వచ్చి, జూబ్లీహిల్స్‌లో ఒక సినిమా ప్రారంభానికి ఆ కుర్రాణ్ని పంపారు. మొదటి షాట్ దేవుడి పటాల మీద తీస్తారు. హీరో కారు దిగేసరికి పెట్టిన ముహూర్తం దాటిపోయింది. "ఇంకా ఉంది కదా పంతులుగారూ?" అన్నాడు మేనేజరు. అంతమంది ముందు కుర్రాడు "ఉందండీ" అనేశాడు. కొబ్బరికాయ కొట్టారు, చప్పట్లు మోగాయి.

ఆదివారం ఇదంతా తండ్రికి చెప్పాడు. "అయ్యగారికి తెలిస్తే పంపించేస్తరు నాన్నా."

"పంపొచ్చు. నేనొచ్చి బతిమిలాడాల్నా?"

"వద్దు. నేనే చెప్త."

"అయితే జర జల్దీ పో."

అబద్ధమాడాడని అయ్యగారు అంతకుముందు ఒకణ్ని వెళ్లగొట్టారు కూడా. కుర్రాడు లోపలికి వెళ్లి చాలాసేపైంది. కండక్టరు నా దారం తీసుకుని ముడులేస్తూ కూర్చున్నాడు. అంతా చిక్కుపెట్టాడు.

చివరికి అయ్యగారే బయటికొచ్చారు. "మీవాడు నిర్మాతకూ నిజం చెప్పొస్తానంటున్నాడు. ఆయన ఇక మన గడప తొక్కడు, తెలుసా?"

"తెల్సయ్యా."

"తొక్కకపోతే మానె. చెప్పి రానివ్వండి. వాడు ఇక్కడే ఉంటాడు." మళ్లీ ఆయనే అన్నారు: "మిగతావాళ్లు నా ముందు నోరు విప్పరండీ. వాళ్లతోనూ మాట్లాడండి. గురువారం కూడా రండి."

"గురువారం డ్యూటీ ఉంటదయ్యా. శనివారం వస్త."

శనివారం కుర్రాళ్లంతా అరుగు మీద చేరారు. అయ్యగారూ వచ్చి ఓ పక్కన కూర్చున్నారు. అందరూ చెప్పుకున్నాక ఆయన నేల చూస్తూ, "మా పెద్దవాడితో మాటల్లేక చాలా ఏళ్లయింది" అన్నారు.

కండక్టరు మెల్లగా అడిగాడు: "ఫోన్ నంబరున్నదా అయ్యా?"