ఎల్లస్వామి సారు చేర్చిన పాదం

ఈమధ్య పానగల్ దారిలో గొర్ల మంద ఎదురైతే ఎల్లస్వామి సారు తన చెప్పులు చూసుకుంటూ నడుస్తున్నారు. ఇంగ్లీషు పాఠాలు చెప్పి ఆయన రిటైరయ్యారు గాని, ఆయన ఎర్ర పెన్ను మొన్నటిదాకా సర్వీసులోనే ఉంది. చొక్కా జేబులోంచి అది తొంగిచూస్తే పెళ్లిపత్రికలు సైతం వణికేవి. అనువాదకళ మీద సారు ఇంగ్లీషులో పద్నాలుగు పాదాల పద్యం రాశారు. మూలానికి ఒక్క మాట చేర్చినా పాపమని అందులో శాసించారు. దానికి ఉదాహరణగా, గొర్లు కాసే సైదమ్మ పాడుకునే పాటను అనువదించి, రెండూ ఒక పత్రికలో వేయించారు. “పిల్ల తప్పిపాయె, గుట్టలన్ని తిరిగితి” అనేది ఆ పాట. పిల్లంటే గొర్రెపిల్లే అనుకున్నారు. అంత్యప్రాస కుదరక, పాటలో లేకున్నా చివరి పాదంలో దాన్ని ఇంటికి కూడా తోలుకొచ్చారు.

పత్రిక రాగానే మంద దగ్గరికి వెళ్లి, తన అనువాదానికి అర్థం చెప్పారు. సైదమ్మ కర్ర మీద గడ్డం ఆనించి విన్నది.

“గొర్రెపిల్ల కాదు సారూ. నా బిడ్డ మల్లిక. ఏడేండ్లప్పుడు జాతరల తప్పిపోయింది. ఇగ దొరకలే.”

సారు చేయి పెన్ను మీదికి పోయింది. “తప్పయింది సైదమ్మా. ఆఖరిది నేను కలిపిన. రేపే దిద్ది పంపుత.”

ఆమె కర్ర మీంచి గడ్డం ఎత్తింది. “అయితే ఇంగ్లీషుల ఇంటికొచ్చిందా?”

“వచ్చింది.”

“దిద్దకు సారూ. గక్కడన్న ఉండనియ్యి.”

అప్పటి నుంచి ఆ పెన్ను మూత తీయలేదు. పెళ్లిపత్రికలు నిర్భయంగా తప్పులతో తిరుగుతున్నాయి.