ఎడమచేతి పొడికేకు

మా అక్క నర్సింగమ్మ జొన్నరొట్టె చేస్తే సూడాలె. పిండిని అరచేత్తోని పిసికి పిసికి ముద్ద చేసి, పీటమీద చరుస్తాంటే వాడకట్టంత లేసేది. పాలమూరు పక్క మా ఊర్ల గసొంటి రొట్టె ఇంకొకరి చేతిల రాలే. నా అక్క అని చెప్తలేను, తిన్నోళ్లే అన్నరు. అయినా మా బావ ఐలేశం నోట మంచిగున్నదన్న మాట ఎన్నడన్న వచ్చిందా? ఆయనకు తెలిసింది ఒక్కటే, మా వదిన చేతి కేకు, మా వదిన చేతి కేకు. పొరుగింటి పుల్లగూర రుచి అని ఊకెనే అన్నరా?

ఆ వదిన సత్తమ్మ, బావకు అన్న పెండ్లాం, మా అక్కకు తోడికోడలు. ఇండ్లు ఒక్క గోడకే. చర్చి మిషనోళ్ల బంగ్లల వంట చేసేది, ఆడి తెల్ల దొరసాని కాడ ఆ కేకు నేర్చింది. కింద గుడ్లు కలిపిన మెత్తటి పిండి, దానిమీద చక్కెరల మగ్గిన జాంపండు ముక్కలు, అన్నిటిమీద వెన్న, మైదపిండి, చక్కెర కలిపి రాల్చిన పొడి. కాలినంక ఆ పొడి కరకరమంటది. అందుకే మేము పొడికేకు అనేటోళ్లం.

మా చర్చిల కోతపండుగ నాడు ఎవలకు పండింది వాళ్లు తెస్తరు. జొన్నలు, గుమ్మడికాయ, కోడి, అన్ని బల్లమీద పెట్టి, ప్రార్థన అయినంక హర్రాజు పాడుతరు, ఎక్కువ పాడినోళ్లకే అది. తెచ్చినోళ్ల పేరు చెప్పరు, దేవునికిచ్చినంక అది దేవునిదే. మా బావ గుమ్మడికాయ కాడ నోరు లేపేటోడు కాదు. సత్తమ్మ తెచ్చిన కేకు మీది గుడ్డ తీసిండ్రంటే మాత్రం గొంతు చించుకునేటోడు. మా అక్క ఆడోళ్ల దిక్కు కూసోని పటపట పండ్లు కొరికేది. నా రొట్టె తిని బతికే నోరు జూడు ఎట్ల ఒర్లుతాందో అని నా చెవుల అనేది. కండ్లల్ల నిప్పులు పోసుకున్నదంటే పోసుకోదా మరి? ఎవలకైనా మండుతది.

ఒక ఏడు, అరవై రెండో అరవై మూడో, కోతపండుగ ముంగట సత్తమ్మకు చలిజరమొచ్చింది. మంచం దిగుత లేదు. మా అక్క పోయి గంజి తాగిపిచ్చొచ్చింది. వచ్చి, ఈసారి కేకు నేను చేస్త గోపమ్మా, బావకు చెప్పకు అన్నది. మొకం ఎలిగిపోతాంది. ఆయన పాడాలె, తినాలె, మంచిగుందనాలె. అప్పుడు చేసింది నేనే అని చెప్పాలె. గంతే ఆమె కోరిక.

ఏమేమి ఏస్తరో ఆమెకు తెలుసు, వాకిట్ల కూసోని ఎన్నిసార్లు చూడలే? కానీ రొట్టెకు మరిగిన చెయ్యి ఊకుంటదా? పొడి కలుపబోతే వెన్నను, పిండిని కలిపి పిసికి ముద్ద చేసి పారేసింది. అది కాలి పెంకైంది. కుక్క గూడ వాసన జూసి ఎల్లిపోయింది. మల్ల చేసింది, మల్లగట్లనే. ఆ సత్తమ్మ చేతిల ఏం మందున్నదో అని ఏడ్చింది. కొంచెంసేపటికి కండ్లు తుడుచుకొని, కుడిచెయ్యి ఎనుకకు కొంగుల చుట్టుకొని కూసున్నది. "ఈ ఎడమ చెయ్యి రొట్టె నేర్వలే, ఏం చెప్తే అది ఇంటది" అన్నది. ఎడమచేతి వేళ్ల కొసలతోని నలిపితే పొడి పొడిగ రాలింది. గంజు గిన్నెల ఇసుక పోసి, కేకు పళ్లెం దించి, మూతమీద నిప్పులు పెట్టినం. వాసన వాకిలి దాటింది. బావ చేనుకాడున్నడు, మంచిదైంది.

పండుగ నాడు గుడ్డ తీసిండ్రు. బావ గొంతు లేసింది. ఎవ్వలు పాడినా ఇంకింత పైకి పాడి గెలిచిండు. మా అక్క నా చెయ్యి పట్టుకొని పిండిముద్దను పిసికినట్టు పిసుకుతాంది. ఆయన అక్కడనే ముక్క ఇరిచి నోట్లేసుకున్నడు.

"జరంల గూడ మా వదిన చెయ్యి తప్పలే. ఈ రుచి ఇంకెవ్వలకు రాదు" అన్నడు.

మా అక్క నా చెయ్యి ఇడిచిపెట్టింది. ఏండ్ల సంది ఎదురుచూసిన మాట వచ్చింది, పక్కింటామె పేరు మీద వచ్చింది. నాకైతే బావ చెంప పగులగొట్టాలనిపిచ్చింది.

అప్పుడు, జరం జర తగ్గి పండుగకొచ్చి గోడకాడ గొంగడి కప్పుకొని కూసున్న సత్తమ్మ మెల్లగ అన్నది.

"నేను చెయ్యలే ఐలేశం. నీ పెండ్లాం చేసింది. గోడవుతల పండుకున్న నాకు వాసనొచ్చింది, ఇంట్లుండే నీకు తెల్వదా?"

అందరు మా అక్క దిక్కు చూసిండ్రు. బావ తల గోక్కున్నడు. ఇంకో ముక్క తిన్నడు. మంచిగున్నది నర్సింగా, అన్నడు.

ఇంటికి పోతాంటే ఆమె మొకం నల్లగనే ఉన్నది. నాకు సమజ్ కాలే. ఇంకేం కావాలె అక్కా, బావ అననే అన్నడు గదా, అని అడిగిన.

"అన్నడు," అన్నది మా అక్క. "ఆమె చెప్తే అన్నడు."