చిత్తూరులో ఒక స్నానం

నా భార్య సుజాతకు భుజం పట్టేసింది. చిత్తూరులో తన చెల్లెలు రేవతి ఇంట్లో రెండు వారాలుండి వచ్చినప్పటి నుంచి ఆమె నోట ఒకటే మాట: "రేవతి వాళ్ళ షవర్ ఎంత బాగుండాదో!" తిరుపతిలో మా ఇంట్లోనూ కరెంటు షవరే. కానీ నీళ్ళు సన్నటి ధారగా వస్తాయి. ధారకు బలం లేకపోతే అందులో హీటరు పనిచేయదు. పనిచేసినా సగం స్నానంలో ఆగిపోతుంది. నాలుగు నెలలుగా ఇదే అవస్థ. రేవతి భర్త శంకర్ ఇంటి షవర్ మాట వినబడినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. అక్కడ అంత గొప్పేముందో చూసి రావాలని ఒక రెండో శనివారం బయలుదేరాను. ఇంట్లో మాత్రం చిన్న పనుందని చెప్పాను.

ఉదయం ఏడుంపావుకు తిరుపతి బస్టాండులో చిత్తూరు ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. చంద్రగిరి దాటాక పక్క సీట్లోని పెద్దావిడ పలకరించింది.

"యాడికి నాయనా?"

"చిత్తూరికమ్మా. తోడల్లుడి ఇంటికి."

"ఏమి విశేషం?"

స్నానాల గది చూడ్డానికని ఎలా చెప్పను? "ఊరకనే" అన్నాను.

ఆమె నా ఖాళీ చేతుల వంక చూసి, "ఊరకనే పోయేటోళ్ళు పండ్లన్నా తీసకపోతారు గదప్పా" అంది.

తొమ్మిదింటికి చిత్తూరులో దిగి సపోటాలు కొన్నాను. ఆటోలో పది నిమిషాలు. శంకర్ బస్సు డిపోలో మెకానిక్. ఆ రోజు సెలవు కాబట్టి ఇంట్లోనే ఉన్నాడు.

"ఏమన్నా, మాటమాత్రం సెప్పకుండా వచ్చినావే!" అని సంచీ అందుకున్నాడు.

రేవతి దోసెలు, నంజుకోడానికి చెనక్కాయల ఊరిబిండి పెట్టింది. తిన్నాక ఒళ్ళంతా దుమ్ముగా ఉందని స్నానానికి వెళ్ళాను. కుళాయి తిప్పానో లేదో, వేడినీళ్ళు వీపు మీద దబదబా పడ్డాయి. ఒక్కసారైనా ఆగకపోతుందా అని ఎదురుచూశాను. వేళ్ళు ముడతలు పడేదాకా నిలబడ్డా ఆగలేదు. అంత హాయిగా ఉండడమే నాకు కష్టంగా ఉంది.

బయటికొచ్చాక రేవతి అడిగింది: "నీళ్ళు బాగా వచ్చినాయా బావా?"

"వచ్చినాయి" అన్నాను ముభావంగా.

"అక్క వచ్చినప్పుడు మాకూ సన్నంగానే వస్తా ఉండె. అక్కకి సెయ్యి పైకి లేసేది ల్యా. రెండో దినమే ఈయన నీళ్ళు తోసే మోటారు పంపు తెచ్చి బిగించినాడు."

అంతవరకు షవర్‌ని చూసి అసూయపడ్డాను. ఇప్పుడు ఆ అసూయ శంకర్ మీదికి మళ్ళింది. నా భార్య కోసం అతను ఒక్క రోజులో చేసిన పని నేను నాలుగు నెలల్లో చేయలేదు. పైగా, "చెంబుతో పోసుకో, ఏమవుతుంది?" అన్నాను. చెంబెత్తడానికే కదా ఆమెకు చేయి లేవనిది!

శంకర్‌కి నా లోపలి సంగతేమీ తెలియదు. "మీ ట్యాంకు మిద్దె మింద ఎంత ఎత్తులో ఉండాదన్నా? షవర్‌లో జల్లెడ కడిగినావా?" అని అడిగాడు.

షవర్‌లో జల్లెడ ఉంటుందనే నాకు తెలియదు. మా మిద్దె ఎక్కి ఎన్నాళ్ళయిందో!

భోజనాలయ్యాక అతనే అంగడికి తీసుకెళ్ళి చిన్న పంపు ఇప్పించాడు. ట్యాంకు నుంచి షవర్‌కి వచ్చే పైపులో బిగించాలన్నాడు. "రేపు నేనొచ్చి బిగిస్తాలే" అన్నాడు. "వద్దొద్దు, నేను చూసుకుంటా" అని మూడున్నర బస్సెక్కాను.

పంపు పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పూతలపట్టు దగ్గర సుజాత ఫోన్ చేసింది.

"రేవతి సెప్పింది. మా చెల్లెలింటికి పోయేదానికి అబద్ధమెందుకండీ?"

"షవర్ చూసొద్దామని పోయినాను. పంపు తెస్తా ఉండాను."

ఆమె మెల్లగా, "మీకు బిగించేది వస్తుందా? శంకర్‌ని రమ్మంటే పోలా?" అంది.

మళ్ళీ ఆ పేరే. మళ్ళీ అదే మంట. తర్వాత చెప్తానని ఫోన్ పెట్టేశాను.

తిరుపతి నుంచి చిత్తూరికి రెండు గంటల లోపు ప్రయాణం. రోడ్డు బాగుంది, ఉదయం పోయి సాయంత్రానికి తిరిగి రావచ్చు. అసూయ మాత్రం నాతో పాటే వెళ్ళి, నాతో పాటే తిరిగొచ్చింది. చంద్రగిరి వచ్చేదాకా దాన్ని మోసి, అప్పుడు శంకర్‌కి ఫోన్ చేశాను.

"రేపు రాప్పా. మీ వదిన అడిగింది" అన్నాను. ఫోన్ పెట్టేసే ముందు, "నేనూ అడుగుతా ఉండాను" అన్నాను.